వాల్వు చిన్నదైపోయిందట, మళ్ళీ ఆపరేషనా?

(గుండె జబ్బులపై పాఠకుల ప్రశ్నలకు కర్నూలులో స్థిరపడిన రిటైర్డ్ గుండె సర్జన్ జవాబులు)

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారాలు. మాది ఆదోని. నాకు 26 ఏళ్ళు. గుండె నుంచి మంచి రక్తం బయటికి పంపే వాల్వుకు మూడు రేకులుండాల్సిన చోట నాకు పుట్టుకతోనే రెండే ఉన్నాయంట. అది బిగుసుకుపోయిందని నా పదమూడో ఏట ఆపరేషన్ చేసి 19 సైజు మెటల్ వాల్వు వేశారు. అప్పట్నుంచి రక్తం గడ్డ కట్టకుండా అసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నాను. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్ళయి రెండేళ్ళయింది. ఈ మధ్య మిద్దె మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. మొన్న నీళ్ళ బిందె ఎత్తుకుని ఎక్కుతుంటే కళ్ళు తిరిగి మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఎకో తీసి, ‘వాల్వు నీ ఒంటికి చిన్నదైపోయింది, గ్రేడియంట్ 44 ఉంది, మళ్ళీ ఆపరేషన్ చేసి పెద్దది వేయాలి’ అన్నారు. చిన్నది పట్టిన చోట పెద్దది ఎట్లా పడుతుంది? మా అత్త బరువు తగ్గితే చాలేమో అంటోంది. తొడ దగ్గర్నుంచి వైరు పంపి మార్చలేరా? పిల్లలు కావాలని ఇంట్లో అందరికీ టెన్షన్. రిపోర్టులన్నీ జత చేశాను. పేరు వేయకండి.

జవాబు: అమ్మా, నీ రిపోర్టులు మొత్తం చదివాను. నన్ను ముందు ఆపింది ఎకో కాదు, దాని వెనకాల పిన్ను కొట్టి ఉన్న రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ 8.4. దాని గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, ఎకో కాగితంలోనూ లేదు.

గ్రేడియంట్ అంటే వాల్వుకు ఇవతల, అవతల ఉన్న ఒత్తిడిలో తేడా. దారి ఎంత ఇరుకు అన్నదాంతో పాటు, ఆ దారిలో ఎంత రక్తం ఎంత వేగంగా పోతోంది అన్నది కూడా ఆ అంకెను నిర్ణయిస్తుంది. ఒంట్లో రక్తం తక్కువున్నప్పుడు గుండె ఎక్కువ తోడాలి, వేగంగా కొట్టుకోవాలి. అప్పుడు అదే వాల్వు దగ్గర గ్రేడియంట్ పెరిగి కనిపిస్తుంది. నీ 44లో కొంత వాటా ఈ 8.4ది. ఆయాసంలోనూ దాని వాటా ఉంది. అలాగని ఐరన్ మాత్రలతో అంతా సర్దుకుంటుందని ఆశ పెట్టను. హిమోగ్లోబిన్ 11 దాటాక తీసే ఎకో మీద ఆధారపడి ఆపరేషన్ నిర్ణయించుకుంటే సబబు.

రక్తం ఎందుకు తగ్గిందో కూడా తేల్చాలి. అసిట్రోమ్ వేసుకునే ఆడవాళ్ళకు నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం మామూలే. మగ డాక్టర్ దగ్గర ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడతారు, డాక్టరూ అడగడు. ఆ అడగని డాక్టర్లను ఏమనాలో నాకు తెలుసు గానీ ఇది పత్రిక. ఇంకో కారణం, ఇరుకు మెటల్ వాల్వులోంచి రక్తం దూసుకుపోయేటప్పుడు ఎర్రకణాలు నలిగిపోవడం. మూత్రం ముదురు రంగులో వస్తోందేమో గమనించు. ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష చేయించు. పనిలో పని, థైరాయిడ్ కూడా చూపించు. అది ఎక్కువైనా గుండె పరుగెడుతుంది.

ఇక రెండో సంగతి. గ్రేడియంట్ పెరిగిందంటే వాల్వు చిన్నదైపోయిందనే అర్థం కాదు. వాల్వు రేకు మీద రక్తం గడ్డ కట్టి రేకు పూర్తిగా తెరుచుకోకపోయినా పెరుగుతుంది. వాల్వు అంచు కింద నుంచి మాంసం పొర మెల్లగా లోపలికి పెరిగి దారి మూసినా పెరుగుతుంది. దాన్ని ప్యానస్ అంటారు. మూడింటికీ వైద్యం మూడు దారులు. అసిట్రోమ్ రక్తాన్ని ఎంత పలచగా ఉంచుతోందో చెప్పే అంకె ఐఎన్ఆర్. నువ్వు పంపిన మూడు ఐఎన్ఆర్ కాగితాల్లో ఒకటి 1.6 ఉంది. నీ వాల్వుకు 2 నుంచి 3 మధ్య ఉండాలి. కాబట్టి గడ్డ సంగతి కొట్టిపారేయలేం.

అయితే నీ ఎకోలో రెండు అంకెలు ధైర్యం చెబుతున్నాయి. డీవీఐ అని రాసినచోట 0.34 ఉంది. వాల్వుకు ముందు రక్తం వేగాన్ని వాల్వులోని వేగంతో భాగిస్తే వచ్చే అంకె అది. వాల్వు నిజంగా మూసుకుపోతుంటే అది 0.25 కంటే దిగువకు పోతుంది. యాక్సిలరేషన్ టైమ్, అంటే వాల్వులో రక్తం పూర్తి వేగం అందుకోవడానికి పట్టే సమయం, 85 మిల్లీసెకండ్లు. అడ్డంకి ఉంటే 100 దాటుతుంది. అంటే వాల్వు పని వాల్వు చేస్తోంది, దాని దారే నీకు చాలడం లేదు అనుకోవడానికి ఆధారం ఉంది. ఖాయం చేసుకోవడానికి ఫ్లోరోస్కోపీ చేయించు. క్యాథ్ ల్యాబ్ టేబుల్ మీద పడుకోబెట్టి ఎక్స్‌రే వీడియో తీస్తారు. సూది లేదు, మందు లేదు, కాసేపట్లో అయిపోతుంది. లోహపు రేకులు రెండూ చివరిదాకా తెరుచుకుంటున్నాయో లేదో కళ్ళకు కనిపిస్తుంది. రెండో ఆపరేషన్ మాట ఎత్తేముందు ఈ చిన్న పరీక్ష చేయకపోవడం నాకు నచ్చదు. ప్యానస్ కోసం సీటీ. ఆ సీటీ ఎలాగూ కావాలి, ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. వాల్వు పెట్టె మీద 19 అని ఉంటే రక్తం పోయే రంధ్రం 19 మిల్లీమీటర్లని కాదు. అది వాల్వు కూర్చునే చోటి కొలత. 19 మిల్లీమీటర్ల వృత్తం వైశాల్యం 2.8 చదరపు సెంటీమీటర్లు. చుట్టూ కుట్లు వేసే గుడ్డ, లోహపు రింగు, అడ్డంగా నిలబడే రేకులు పోగా నీ వాల్వులో రక్తానికి అక్కరకొచ్చే దారి 0.96 అని ఎకోలో ఉంది. దీన్ని ఒంటి ఉపరితల వైశాల్యంతో భాగించి చూస్తాం. ఎత్తును బరువుతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం కడితే ఆ వైశాల్యం వస్తుంది. పాత డిశ్చార్జ్ కాగితంలో నీ ఎత్తు 140, బరువు 31. అంటే 1.1 చదరపు మీటర్లు. 0.96ను 1.1తో భాగిస్తే 0.87. నీకు మార్చిన ఈ బృహద్ధమని వాల్వుకు 0.85 పైన ఉంటే సరిపోయినట్టే లెక్క. కాబట్టి నీకు అప్పుడు ఆపరేషన్ చేసినవాళ్ళను తప్పుపట్టకు, ఆ రోజున వాల్వు నీకు సరిపోయింది. ఇవాళ నువ్వు 158 సెంటీమీటర్లు, 62 కిలోలు. ఒళ్ళు 1.65 అయింది, వాల్వు పెరగలేదు. ఇప్పుడు 0.58. 0.65కు తగ్గితే తీవ్రమైన తేడా అంటాం. మనిషికీ వాల్వుకూ మధ్య ఉండే ఈ పొంతన లేనితనాన్ని 1978లో ఒక సమస్యగా గుర్తించి రాసినవాడు డాక్టర్ షాబుద్దీన్ రహీంతులా. ముంబైలో పుట్టి అమెరికాలో పనిచేశాడు. కృత్రిమ వాల్వు ఎంత మంచిదైనా సొంత వాల్వు కంటే ఇరుకే అన్నది ఆయన మాట సారాంశం.

మీ అత్తగారి సలహా కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. ఏడు కిలోలు తగ్గి 55కు వచ్చావనుకో, ఒళ్ళు 1.55 అవుతుంది, అంకె 0.62. తీవ్రం తీవ్రంగానే ఉంది. పైగా రక్తం లేని మనిషి కడుపు మాడ్చుకుంటే ఏమవుతుంది? సంగటి, పప్పు, గుడ్లు బాగా తిను. ఆకుకూరలు మానక్కర్లేదు. ఒక వారం పూటపూటకూ తిని ఇంకో వారం ముట్టకపోతే ఐఎన్ఆర్ గాడి తప్పుతుంది గనక ఎప్పుడూ ఒకే మోతాదులో తిను.

తొడలోంచి వైరు పంపి చేసే పద్ధతి నీకు కుదరదు. అది పాత వాల్వును తీయదు, దాని లోపల కొత్తదాన్ని విప్పుతుంది. జంతువుల పొరతో చేసే టిష్యూ వాల్వు రేకులు మెత్తనివి కాబట్టి పక్కకు ఒత్తుకుపోతాయి. లోహపు రేకులు ఎక్కడికి పోతాయి?

సరే, చిన్నది పట్టిన చోట పెద్దది ఎట్లా పడుతుంది అన్నావు. నువ్వడిగిన వాటిలో అసలైన ప్రశ్న ఇదే. జాకెట్టు బిగుతైతే పక్కకుట్టు విప్పి ముక్క వేసి అతుకుతావు కదా, ఇక్కడ చేసేదీ అదే. పాత వాల్వు కుట్లు ఒక్కొక్కటే కోసి దాన్ని బయటికి తీస్తాం. రింగు చుట్టూ తెల్లగా, గట్టిగా పెరిగిన పొరను గీకి శుభ్రం చేస్తాం. ఒక్క పలుకు కూడా గుండెలోకి జారకుండా ఉప్పునీళ్ళతో కడిగి పీల్చేస్తాం. తర్వాత నర్సు సైజర్ల ట్రే అందిస్తుంది. పొడుగాటి కాడకు చివర గుండ్రటి బిళ్ళలు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. 19 వదులుగా దిగుతుంది, 21 దగ్గర పట్టేస్తుంది. కొంతమందికి పాత పొర తీసేసరికే ఒక సైజు పెరుగుతుంది. నీకు 21తో సరిపెట్టుకుంటే అంత పెద్ద ఆపరేషన్ చేసి సాధించింది కొంచెమే. అక్కడ ఆగకుండా రింగునే, అంటే వాల్వు కూర్చునే నీ సొంత గుండె అంచునే, కోసి వెడల్పు చేయాలి.

బృహద్ధమనిని తెరిచిన కోతను వెనకవైపుకు, బృహద్ధమని మొదట్లో ఉండే గూళ్ళలో గుండె రక్తనాళం మొదలవని గూడులోంచి రింగు దాటించి కిందికి తీసుకుపోతే అది నిక్స్ పద్ధతి, 1970 నాటిది. కాస్త పక్కకు జరిగి రెండు గూళ్ళ మధ్యనుంచి పక్కనే గుండె ఎడమ గదుల మధ్య ఉండే మిట్రల్ వాల్వు ముందురేకు దాకా కోస్తే మనూగియన్ పద్ధతి, 1979. తెరుచుకున్న చీలికలో ఆవు గుండె పైపొరతో చేసిన ముక్కో, డాక్రాన్ గుడ్డో అతికి కుడతాం. వీటితో మామూలుగా ఒకటి, బాగా చేస్తే రెండు సైజులు పెరుగుతాయి. ముందువైపు, రెండు జఠరికల మధ్య గోడను కూడా కోసి పెంచేది కొన్నో పద్ధతి, 1975. చిన్నపిల్లల్లో, దారి మొత్తం ఇరుకైనప్పుడు పనికొస్తుంది. గుండెకు కరెంటు పోయే దారి ఆ పక్కనే ఉంటుంది, అది దెబ్బతింటే పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. అవసరమైతే తప్ప దాని జోలికి పోరు. 2020లో అమెరికాలోని మిషిగన్‌లో బో యాంగ్ అనే సర్జన్ రింగు కింద వై అక్షరం ఆకారంలో కోత పెట్టి మూడు నాలుగు సైజులు పెంచే పద్ధతి తెచ్చాడు. మన సర్జన్లు కూడా కొందరు నేర్చుకున్నారు.

ఇవన్నీ రాసినంత తేలిక కాదు. వెనకవైపు అతుకు కుట్టులోంచి రక్తం కారితే, వాల్వు కూర్చోబెట్టాక అక్కడికి చెయ్యి పోనివ్వడం కష్టం. అందుకే కొందరు సర్జన్లు రింగు పెంచడానికి ఇష్టపడరు, ‘ఉన్నదాంట్లో పట్టింది వేద్దాం’ అంటారు. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ మాట ఒప్పుకుంటాను. ఇరవై ఆరేళ్ళ పిల్లకు ఒప్పుకోను. నీ విషయంలో నా మాట ఒక్కటే: ఛాతీ రెండోసారి తెరిస్తే 23 కంటే తక్కువ వాల్వుతో బయటికి రాకూడదు. నిన్ను చూసే సర్జన్‌ను సూటిగా అడుగు: ‘సార్, రింగు పెంచుతారా? రెండోసారి తెరిచిన గుండెల్లో అలా ఎన్ని చేశారు?’ ఈ ప్రశ్నకు విసుక్కునే మనిషి దగ్గర చేయించుకోవద్దు.

రెండోసారి తెరవడంలో వేరే ఇబ్బంది ఉంది. మొదటి ఆపరేషన్ తర్వాత గుండె, బృహద్ధమని వచ్చి రొమ్ము ఎముక వెనక అతుక్కుని ఉండొచ్చు. రంపం పెట్టేముందు ఎముకకూ గుండెకూ మధ్య ఎంత ఎడం ఉందో సీటీలో చూసుకోవాలి. ఎడం లేకపోతే తొడ రక్తనాళాల నుంచి హార్ట్ లంగ్ మెషీన్ ముందే సిద్ధం చేసుకుని తెరుస్తారు. పైన సీటీ ఎలాగూ కావాలన్నది అందుకే.

ఏ వాల్వు వేయాలి అన్నది పిల్లల సంగతితో ముడిపడింది. ఈ గ్రేడియంట్‌తో ఇప్పుడు గర్భం వద్దు. నెలలు నిండే కొద్దీ గుండె తోడే రక్తం సగం దాకా పెరుగుతుంది, ఈ ఇరుకు దారి దాన్ని తట్టుకోలేదు. మెట్ల మీదే కళ్ళు తిరుగుతుంటే ఏడో నెలలో ఏమిటి పరిస్థితి? ఇది మీ ఆయన చదవాలి, అత్తగారూ చదవాలి.

మళ్ళీ మెటల్ వాల్వే వేస్తే అది చాలా ఏళ్ళు నిలుస్తుంది, కానీ అసిట్రోమ్ వదలదు. గర్భంలో ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా ఆ మాత్ర బిడ్డ ఎముకలకు, ముక్కుకు లోపం తేవచ్చు. ఆపేస్తే వాల్వు మీద గడ్డ కట్టి తల్లికి ప్రాణం మీదికొస్తుంది. మధ్యలో ఇంజెక్షన్ల మీద నెట్టుకొచ్చే పద్ధతులున్నాయి, వాటికి దగ్గరుండి చూసే పెద్ద ఆసుపత్రి కావాలి. ఐఎన్ఆర్ అక్కర్లేదని అమ్మే కొత్తరకం రక్తం పలచన మాత్రలు మెటల్ వాల్వు ఉన్నవాళ్ళు వాడకూడదు. టిష్యూ వాల్వు వేస్తే కొన్నాళ్ళ తర్వాత అసిట్రోమ్ మానేయొచ్చు, కాన్పులు ప్రశాంతంగా జరుగుతాయి. కానీ నీ వయసులో టిష్యూ వాల్వు తొందరగా అరుగుతుంది, పది పదిహేనేళ్ళకు మళ్ళీ మార్చాలి. రింగు పెంచి 23 గానీ 25 గానీ వేసి ఉంటే, ఆ మార్పు అప్పుడు తొడలోంచి చేయించుకునే వీలుంటుంది. 21 వేసి ఉంటే ఆ వీలు సగం పోయినట్టే.

మూడో దారి రాస్ ఆపరేషన్, 1967లో డొనాల్డ్ రాస్ మొదలుపెట్టింది. నీ సొంత పుపుస ధమని వాల్వును తీసి బృహద్ధమని దగ్గర పెట్టి, దాని స్థానంలో దానం చేసిన మనిషి వాల్వు వేస్తారు. మాత్రలు అక్కర్లేదు, దారి విశాలం. ఒక్క వాల్వు జబ్బును రెండు వాల్వుల జబ్బు చేసుకుంటున్నామని గుర్తుంచుకోవాలి. అలవాటుగా చేసే చేతులు తక్కువ, రెండోసారి తెరిచే గుండెలో మరీ తక్కువ. అలాంటి చేతులు దొరికితే సరే.

పిల్లలు కావాలని నీకే గట్టిగా ఉంటే, రింగు పెంచి పెద్ద టిష్యూ వాల్వు వేయించుకో. ఇంకో ఆపరేషన్ ఉంటుందని తెలిసే వేయించుకో. అక్కర్లేదనుకుంటే పెద్ద మెటల్ వాల్వు. నీకే అని ఎందుకన్నానంటే కోసేది నీ ఛాతీని.

ప్రస్తుతానికి: గర్భం రాకుండా జాగ్రత్తపడు. అసిట్రోమ్ సొంతంగా ఆపకు. బిందె ఇంకెవరైనా మోస్తారు. ఐరన్ మొదలుపెట్టి ఆరు వారాలకు మళ్ళీ ఎకో, ఈలోగా ఫ్లోరోస్కోపీ. మళ్ళీ కళ్ళు తిరిగితే ఆరు వారాలు ఆగొద్దు. ఖర్చు సంగతికి, మన ప్రాంతంలో పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కు డబ్బు తీసుకోరు. 1991 నుంచీ అంతే. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగు. రెండోసారి వాల్వు, రింగు పెంచే పని రెండూ కాగితంలో రాయించి అనుమతి అడగాలి. వాల్వు వివరాలున్న కార్డు, మొదటి ఆపరేషన్ నోట్సు జిరాక్సు తీసి పెట్టుకో. రికార్డు రూము నుంచి అది రావడానికి ఆపరేషన్ కంటే ఎక్కువ కాలం పట్టిన రోజులున్నాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్ళు. కడప. తొమ్మిదేళ్ళ కిందట 21 సైజు టిష్యూ వాల్వు వేశారు. ఇప్పుడు ఆయాసం, గ్రేడియంట్ 46. ఒకరు పాత వాల్వులో కొత్త వాల్వు వైరుతో వేస్తామంటున్నారు. ఇంకొకరు ఛాతీ తెరవాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మొదటి ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు నెలలకు తీసిన ఎకో వెతకండి. అప్పుడు గ్రేడియంట్ 12, 14 ఉండి ఇప్పుడు 46 అయితే వాల్వు అరిగిందని అర్థం. అలాంటప్పుడు లోపల కొత్తది వేస్తే మీ నాన్నగారికి హాయి. అప్పుడే 28 ఉంటే మొదటినుంచీ రింగే ఆయనకు చిన్నది. చిన్న రింగులో ఇంకో రింగు పెడితే దారి ఇంకా ఇరుకవుతుంది, ఇంత ఖర్చు పెట్టి ఆయాసం అలాగే మిగలొచ్చు. దీనికి కొంత ఉపాయం ఉంది. రేకులు రింగుకంటే పైన పనిచేసేలా చేసిన వాల్వులు చిన్న రింగుల్లో మెరుగు. ఎక్కువ ప్రెజర్ బెలూన్‌తో పాత రింగును పగలగొట్టి వెడల్పు చేసే పద్ధతీ ఉంది. అయితే కొన్ని కంపెనీల రింగులు పగులుతాయి, కొన్ని పగలవు. వాల్వు కార్డు చూస్తే గానీ ఎవరూ చెప్పలేరు. పాత రేకులు ఒత్తుకుపోయి గుండె రక్తనాళాల మూతికి అడ్డం పడతాయా అన్నది సీటీలో కొలవాలి. ఈ మూడూ చూడకుండా ‘వైరుతో అయిపోతుంది’ అన్నవాళ్ళ మాటా, ‘తెరవాల్సిందే’ అన్నవాళ్ళ మాటా ఇప్పుడే నమ్మకండి. కిడ్నీలు, ఊపిరితిత్తులు బాగుండి, రింగు మొదటినుంచీ చిన్నదని తేలితే, 71 ఏళ్ళు ఆపరేషన్‌కు పెద్ద వయసేం కాదు.

ప్రశ్న: మా వారికి మెటల్ వాల్వు ఉంది. రాత్రిపూట పక్కన పడుకుంటే టిక్ టిక్ అని వినిపించేది. పన్ను పీకించుకోవడానికి అసిట్రోమ్ ఆపి, మళ్ళీ మొదలుపెట్టడం మర్చిపోయారు. వారం నుంచి ఆ చప్పుడు సరిగా వినిపించడం లేదు. అలవాటు పడిపోయామేమోనని అనుకుంటున్నాం. (గుంతకల్లు)

జవాబు: మీ ఉత్తరం అందిన పూటే పత్రిక వాళ్ళతో ఫోన్ చేయించాను. ఇది అచ్చేస్తున్నది మిగతావాళ్ళ కోసం. చప్పుడు మొద్దుబారినా, ఆగినా వాల్వు మీద గడ్డ కట్టి ఉండొచ్చు. అది రేపటికి వాయిదా వేసే పని కాదు. మూతి వంకర, మాట తడబాటు, ఒక చెయ్యి బలహీనం కావడం, కొత్తగా ఆయాసం, వీటిలో ఏది తోడైనా 108కి ఫోన్ చేయండి. ఆపిన మాత్రను రెట్టింపు వేసి ఇంట్లో కూర్చోవద్దు. ఎకో, ఫ్లోరోస్కోపీ, ఐఎన్ఆర్ మూడూ అదే రోజు జరిగే చోటికి వెళ్ళాలి. గడ్డను మందుతో కరిగించాలా, ఆపరేషన్ చేయాలా అన్నది అక్కడ తేలుస్తారు. ఇకముందు పన్ను పీకించుకోవాలంటే, మాత్ర ఆపమని చెప్పేది పళ్ళ డాక్టర్ కాకూడదు. ఐఎన్ఆర్ చూసి మీ గుండె డాక్టర్ చెప్పాలి. చాలాసార్లు ఆపే అవసరమే ఉండదు. పన్ను పీకేముందు వేసుకోవాల్సిన యాంటీబయోటిక్ సంగతి కూడా ఆయన్నే అడగండి.